గుండె ఆపరేషన్ తర్వాత పసిబిడ్డ డ్రెయిన్‌లో పాలరంగు నీరు: కైలోథొరాక్స్‌లో ముందు ఏం చూడాలి?

పీఐసీయూ_రెసిడెంట్
అందరికీ నమస్కారం. గ్లెన్ (ఒంటి పైభాగం రక్తాన్ని తెచ్చే ఎస్‌వీసీ అనే పెద్ద సిరను ఊపిరితిత్తుల ధమనికి కలపడం), టీఓఎఫ్ (పుట్టుకతో వచ్చే ఒక గుండె లోపం) రిపేర్, ఆర్చ్ (అయోర్టా వంపు) రిపేర్ అయిన పసిపిల్లలకు మూడో రోజో నాలుగో రోజో పాలు మొదలుపెడతాం. ఆ తర్వాత కొందరిలో చెస్ట్ డ్రెయిన్ (ఛాతీలోంచి నీరు తీసే పైపు) గడ్డిరంగు నుంచి పాలరంగుకు తిరుగుతుంది. కైల్, అంటే పేగు నుంచి కొవ్వును మోసే లింఫ్ ద్రవం, ఛాతీలోకి కారడమే కైలోథొరాక్స్. వార్డులో వెంటనే వినపడే మాట "పాలు ఆపేయండి, ఆక్ట్రియోటైడ్ పెట్టండి". (ఆక్ట్రియోటైడ్ అంటే ఈ కారడం తగ్గించేందుకు వాడే మందు.) ఆ రెండిటికన్నా ముందు ఏం చూడాలి? ఏ వరుసలో? అంకెలతో చెప్పండి. 4 కేజీల బిడ్డను ఉదాహరణగా పెట్టుకుంటే అందరి లెక్కలూ కలుస్తాయి.

కార్డియాక్_ఇంటెన్సివిస్ట్
ముందు అది కైలే అని ఖాయం చేసుకోండి. పొద్దుటి నుంచి బాటిల్‌లో నిలవున్న నీరు కాకుండా, పైపులోంచి తాజాగా వస్తున్నది పంపాలి. ఈడీటీఏ ట్యూబులో 1 మి.లీ. కణాల లెక్కకు, ప్లెయిన్ ట్యూబులో ఇంకో 2 మి.లీ. ట్రైగ్లిజరైడ్, ప్రొటీన్, గ్లూకోజ్‌కు.

ట్రైగ్లిజరైడ్ 110 మి.గ్రా./డె.లీ. దాటి, కణాలు మైక్రోలీటరుకు 1000 దాటి, అందులో లింఫోసైట్లు 80 శాతం దాటితే కైలోథొరాక్స్ అనే అనుకోండి. ట్రైగ్లిజరైడ్ 50 లోపుంటే అవకాశం తక్కువ. కానీ ఈ అంకె బిడ్డ కడుపులోకి కొంతైనా కొవ్వు వెళ్తున్నప్పుడే నమ్మదగ్గది. ఏమీ తాగని బిడ్డలో కైల్ తేటగానే ఉంటుంది, చూడ్డానికి మామూలు నీరులా కనిపించి మోసం చేస్తుంది. అప్పుడు లింఫోసైట్ల శాతమే ఆధారం. అందుకే ఐదో రోజు దాటినా డ్రెయిన్ తగ్గకపోతే, రంగు మారేదాకా ఆగకుండా ఒక్క శాంపిల్ పంపడం మంచిది.

ఇంకో మోసం ఉంది. బిడ్డ టీపీఎన్ (సిర ద్వారా ఇచ్చే పోషణ) మీద ఉండి, మెడ లైన్ (మెడ సిరలో పెట్టిన పైపు) ఉన్న వైపే ఛాతీలో తెల్లటి నీరు చేరితే లైన్ కొన ప్లూరా (ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొర) లోకి దూరి ఉండొచ్చు. అక్కడ చేరేది కైల్ కాదు, మనం ఎక్కిస్తున్న లిపిడే. ఆ నీటిలో గ్లూకోజ్ రక్తంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది. గ్లూకోజ్ కూడా అడగమన్నది ఇందుకే.

ఐసీయూ_సిస్టర్
డ్రెయిన్ చార్టు గురించి. "ఈ రోజు 90 మి.లీ. వచ్చింది" అని రాస్తే ఏమీ తెలియదు. 4 కేజీల బిడ్డకు అది కేజీకి 22 మి.లీ., 10 కేజీల బిడ్డకు 9. రెండిటి దారీ వేరు. కాబట్టి 24 గంటల మొత్తాన్ని బరువుతో భాగించి రాయండి. రెండు వైపులా డ్రెయిన్లుంటే విడివిడిగా రాసి, కింద మొత్తం రాయాలి. బరువు కూడా ఆపరేషన్ ముందుదే తీసుకోవాలి, వాపు ఎక్కిన బరువు కాదు.

రెండోది. కైల్‌లో ఫైబ్రిన్ ఉంటుంది, సన్న పైపుల్లో తెల్లటి తీగల్లా కట్టి అడ్డుపడుతుంది. నిన్న 80 మి.లీ. వచ్చి ఇవాళ 5 వచ్చిందంటే తగ్గిందని సంతోషించే ముందు నీటిమట్టం ఊపిరితో పాటు పైకీ కిందకీ కదులుతోందో లేదో చూడాలి. కదలకపోతే పైపు మూసుకుంది. పడక పక్కనే అల్ట్రాసౌండ్ పెట్టి లోపల నీరుందేమో చూశాకే "తగ్గింది" అని రాయండి. బిడ్డను ఒకే పక్కన పడుకోబెట్టి ఉంచినా డ్రెయిన్ తగ్గినట్టు కనిపిస్తుంది, తిప్పగానే ఒక్కసారిగా వస్తుంది.

ఎకో_టెక్
పాలరంగు నీరు చూసిన రోజే చేయాల్సింది ఎకో (గుండె అల్ట్రాసౌండ్), మెడ సిరల డాప్లర్ (రక్తప్రవాహం చూపే అల్ట్రాసౌండ్). దీన్ని వారం తర్వాతికి నెడుతున్న చోట్లు చాలా ఉన్నాయి. థొరాసిక్ డక్ట్ (లింఫ్‌ను రక్తంలోకి చేర్చే ప్రధాన నాళం) ఎడమ జుగ్యులార్ (మెడ సిర), ఎడమ సబ్‌క్లేవియన్ (చేతి వైపు నుంచి వచ్చే సిర) సిరలు కలిసే మూలలో తెరుచుకుంటుంది. అక్కడ గడ్డ ఉంటే, లేదా ఆ సిరలో ఒత్తిడి ఎక్కువుంటే లింఫ్ రక్తంలోకి దిగలేదు, వెనక్కి తన్ని ఎక్కడ దారి దొరికితే అక్కడ కారుతుంది. అలాంటి బిడ్డకు ఎన్ని రోజులు పాలు ఆపినా ఫలితం ఉండదు.

డాప్లర్‌లో రెండు జుగ్యులార్లు, రెండు సబ్‌క్లేవియన్లు, ఇనామినేట్, ఎస్‌వీసీ అన్నీ చూడాలి. గడ్డ నేరుగా కనిపించకపోయినా, ఊపిరితో గుండెతో మారే సహజమైన అలలు పోయి ప్రవాహం చదునుగా ఉంటే ముందుకెళ్లే దారిలో అడ్డుందని అనుమానించాలి.

సర్జన్_కోణం
ఎకో_టెక్ గారు చెప్పినదానికి శరీర నిర్మాణం జోడిస్తాను. డక్ట్ నడుము వెన్నుపూసల దగ్గర మొదలై, అయోర్టాతో పాటు ఛాతీలోకి వచ్చి, కుడివైపునే పైకెళ్లి, ఐదో థొరాసిక్ వెన్నుపూస ప్రాంతంలో ఎడమకు దాటుతుంది. దాటేచోటికి కింద దెబ్బ తగిలితే నీరు కుడి ఛాతీలో, పైన తగిలితే ఎడమ ఛాతీలో చేరుతుంది. కోఆర్క్టేషన్ (అయోర్టాలో ఇరుకు) రిపేర్, పీడీఏ (అయోర్టాకూ పల్మనరీ ఆర్టరీకీ మధ్య తెరిచి ఉన్న నాళం) లైగేషన్, అంటే కట్టెయ్యడం, ఎడమ వైపు బీటీ షంట్ (ఊపిరితిత్తులకు రక్తం పంపేందుకు పెట్టే గొట్టం) తర్వాత ఎడమవైపు మాత్రమే ఎక్కువగా కారుతుంటే డక్ట్‌కో దాని కొమ్మకో నేరుగా దెబ్బ తగిలిందని మొదట అనుకోవాలి.

గ్లెన్ కథ వేరు. ఎస్‌వీసీని పల్మనరీ ఆర్టరీకి కలిపాక డక్ట్ తెరుచుకునే సిరలో ఉండేది ఊపిరితిత్తుల ఒత్తిడే. ఆ ఒత్తిడి 18 మి.మీ. పాదరసం దాటి నిలబడితే ఎందుకో వెతకాలి: కుట్టు దగ్గర ఇరుకు, పల్మనరీ కొమ్మల్లో ఇరుకు, కవాటం లీక్, కండరం బలహీనత, పల్మనరీ సిరల అడ్డు. వెంటిలేటర్ మీన్ ఎయిర్‌వే ప్రెషర్ ఎక్కువున్నా అదే ఫలితం. త్వరగా ట్యూబు తీసి తనంతట ఊపిరి పీల్చనివ్వడం, తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తడం కూడా చికిత్సలో భాగమే. టీఓఎఫ్ తర్వాత బిగుసుకున్న కుడి జఠరిక వల్ల సీవీపీ (గుండెకు చేరే పెద్ద సిరల్లోని ఒత్తిడి) పెరిగి కారడం మూడో రకం.

ఈ మూడింటినీ ఒకే పేరుతో పిలిచి ఒకే మందు పెట్టడం నాకు నచ్చని విషయం. డ్రెయిన్‌లో వచ్చేది ఫలితం మాత్రమే, కారణం సిరల్లోనో కుట్టులోనో ఉంది.

పీఐసీయూ_రెసిడెంట్
సార్, గ్లెన్ బిడ్డకు మెడ లైన్ ఎన్నాళ్లు ఉంచొచ్చు?

సర్జన్_కోణం
అవసరం తీరిన రోజే తీసేయండి, వీలైతే 48 గంటల లోపు. టీపీఎన్ ఇవ్వాలంటే కాలి పీఐసీసీ (కాలి సిర నుంచి పెట్టే పొడుగాటి సన్న లైన్) వాడండి. ఎస్‌వీసీలో గడ్డ కడితే ఆ బిడ్డకు గ్లెన్ ప్రవాహమే పోతుంది.

డైట్‌డెస్క్
ఆహారం సంగతి కాస్త పొడుగ్గా రాస్తాను, ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి.

మామూలు పాలలో, నూనెల్లో ఉండేవి పొడుగు గొలుసు కొవ్వులు. అవి పేగు నుంచి కైలోమైక్రాన్లుగా మారి లింఫ్ నాళాల గుండానే వెళ్తాయి, డక్ట్‌లో ప్రవాహం పెంచుతాయి. ఎంసీటీ, అంటే 8, 10 కార్బన్ల కొవ్వులు, నేరుగా పోర్టల్ సిరలోకి పోతాయి. కాబట్టి మొదటి మెట్టు పాలు ఆపడం కాదు, కొవ్వు రకం మార్చడం. డ్రెయిన్ రోజుకు కేజీకి 20 మి.లీ. లోపుంటే చాలామంది పిల్లలకు ఇది చాలు. మోనోజెన్, ఎన్‌ఫాపోర్ట్ లాంటి ఫార్ములాల్లో కొవ్వులో 80 శాతానికి పైగా ఎంసీటీ ఉంటుంది. డబ్బా మీద "ఎంసీటీ కలిసినది" అని రాసున్నంత మాత్రాన సరిపోదు. తక్కువ బరువు పిల్లల కోసం చేసిన కొన్ని పొడుల్లో సగం కూడా ఉండదు. వెనక పట్టికలో మొత్తం కొవ్వులో ఎంసీటీ ఎంతో లెక్కకట్టి చూడండి.

ఇక తల్లిపాలు. కైల్ అనగానే తల్లిని పాలు పిండడం మానెయ్యమంటారు, అది చాలా తప్పు. ఆ పాలలోంచి కొవ్వు తీసి ఇవ్వొచ్చు. చల్లబరిచే సెంట్రిఫ్యూజ్‌లో 2 నుంచి 4 డిగ్రీల దగ్గర, నిమిషానికి 3000 చుట్లతో 15 నిమిషాలు తిప్పితే కొవ్వు పైన గట్టి పొరగా పేరుకుంటుంది. సిరంజికి పొడుగు సూది లేదా ఫీడింగ్ ట్యూబు తగిలించి పొర చెదరకుండా కిందినుంచి పాలు లాగాలి, చివరి కొద్ది మి.లీ. వదిలెయ్యాలి. గది వేడిలో తిప్పితే పొర మెత్తగా ఉండి మళ్లీ కలిసిపోతుంది. తీశాక క్రీమాటోక్రిట్ (పాలలో కొవ్వు ఎంతో చూసే పరీక్ష) చూడండి. కొవ్వు 100 మి.లీ.కి 1 గ్రాము లోపుండాలి. ప్రొటీన్లు, యాంటీబాడీలు అడుగు పాలలోనే మిగులుతాయి. అసలే లింఫ్‌తో పాటు యాంటీబాడీలు పోగొట్టుకుంటున్న బిడ్డకు అవి కావాలి.

ఇక్కడే రెండో పొరపాటు. కొవ్వు తీస్తే కేలరీలు కూడా పోతాయి. మామూలు తల్లిపాలు 100 మి.లీ.కి సుమారు 67 కేలరీలు, కొవ్వు తీసినవి సుమారు 35. 4 కేజీల బిడ్డకు రోజుకు 600 మి.లీ. పడితే మొత్తం 210, అంటే కేజీకి 52 కేలరీలే. ఆపరేషన్ అయిన బిడ్డకు కావలసింది కేజీకి 120 నుంచి 150. పాలు పడుతున్నామన్న పేరే గానీ బిడ్డ ఎండిపోతుంది. ఎంసీటీ ఆయిల్ మి.లీ.కి సుమారు 7.7 కేలరీలు. 100 మి.లీ. పాలకు 2 మి.లీ. కలిపితే రోజుకు 12 మి.లీ., దాంతో 90 కేలరీలు వస్తాయి. మిగతాది ఎంసీటీ ఫార్ములా పొడి కలిపి నింపాలి. ఆయిల్ మొదటి రోజే మొత్తం కలిపితే నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. అర మి.లీ. నుంచి మొదలుపెట్టి మూడు నాలుగు రోజుల్లో పెంచండి. పంపు మీద నెమ్మదిగా ఇస్తే ఆయిల్ పైపు గోడలకు అంటుకుపోతుంది, బోలస్‌గా ఇవ్వడం మేలు.

ఐసీయూ_సిస్టర్
మేడమ్, సెంట్రిఫ్యూజ్ లేని చోట పాలు ఫ్రిజ్‌లో పెట్టి మీగడ తీస్తే పనికొస్తుందా?

డైట్‌డెస్క్
ఒక రోజు నిలబెట్టి కింది పాలు లాగితే కొంత పోతుంది సిస్టర్, కానీ ఎంత మిగిలిందో ప్రతిసారీ మారుతుంది. డ్రెయిన్ ఇంకా కారుతున్న బిడ్డకు దాని మీద ఆధారపడకూడదు. చాలా ఆస్పత్రుల బ్లడ్ బ్యాంకులో చల్లటి సెంట్రిఫ్యూజ్ ఉంటుంది. తల్లిపాలకు విడిగా శుభ్రమైన ట్యూబులు, విడిగా సమయం, బిడ్డ పేరు లేబుల్‌తో వాళ్లతో మాట్లాడి ఏర్పాటు చేసుకోవచ్చు.

జిల్లా_పిల్లల_డాక్టర్
ఇంటికి వచ్చిన పిల్లల విషయంలో మాకు తరచూ ఎదురయ్యే మాట: "ఎంసీటీ ఆయిల్ దొరకలేదండీ, కొబ్బరినూనె కూడా అదే అన్నారు, రెండు చుక్కలు వేస్తున్నాం." దీనికి స్పష్టంగా సమాధానం ఇక్కడ ఉంటే బాగుంటుంది.

డైట్‌డెస్క్
అదీ ఇదీ ఒకటి కాదు సార్. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం, 12 కార్బన్లది. దానిలో చాలా భాగం లింఫ్ దారినే పోతుంది. 8, 10 కార్బన్లవి కలిపి పదిహేను శాతం అటూ ఇటూ. మిగిలినవి ఇంకా పొడుగు గొలుసులే. ఎంసీటీ ఆయిల్‌ను కొబ్బరి లేదా పామ్ గింజల నూనె నుంచే తీస్తారు కాబట్టి ఈ గందరగోళం. దొరక్కపోతే ఆయిల్ లేకుండా ఉంచి ఆపరేషన్ చేసిన కేంద్రానికి ఫోన్ చెయ్యమనండి, కొబ్బరినూనె మాత్రం వెయ్యొద్దు.

కార్డియాక్_ఇంటెన్సివిస్ట్
ఇప్పుడు ఎప్పుడు పాలు పూర్తిగా ఆపాలన్నది. కొవ్వు మార్చిన ఆహారంతో ఐదు నుంచి ఏడు రోజులు చూడండి. అప్పటికీ కేజీకి 20 మి.లీ. దాటి కారుతుంటే నోటి ద్వారా అన్నీ ఆపి టీపీఎన్ పెట్టడం సబబు. మొదటి రోజే 50, 60 మి.లీ. కారే బిడ్డకు అన్ని రోజులు ఆగక్కర్లేదు. టీపీఎన్‌లో లిపిడ్ ఆపకండి. సిరలోకి ఇచ్చే లిపిడ్ లింఫ్‌ను తాకదు, కైల్ అని చెప్పి దాన్ని ఆపేస్తే ఎసెన్షియల్ ఫ్యాటీ ఆమ్లాల లోటు వస్తుంది.

ఆక్ట్రియోటైడ్ గురించి నా అభిప్రాయం: వాడొచ్చు, అద్భుతం ఆశించొద్దు. 2010లో కాక్రేన్ సమీక్షకు నవజాత శిశువుల్లో ఒక్క రాండమైజ్డ్ ట్రయల్ కూడా దొరకలేదు. వాడితే ఇలా: 100 మైక్రోగ్రాముల ఆంప్యూళ్లు రెండు తీసుకుని సెలైన్‌తో 50 మి.లీ. చేస్తే మి.లీ.కి 4 మైక్రోగ్రాములు. 4 కేజీల బిడ్డకు గంటకు 1 మి.లీ. వెళ్తే గంటకు కేజీకి 1 మైక్రోగ్రాము. అక్కడ మొదలుపెట్టి రోజుకు 1 చొప్పున 4 దాకా, అవసరమైతే ఇంకా పైకి పెంచుతారు, 10 దాటరు. ప్రతి ఆరు గంటలకు గ్లూకోజ్ చూడాలి, అది పెరగొచ్చు, పడిపోవచ్చు. గుండె వేగం తగ్గొచ్చు. పేగులకు రక్తం తగ్గి ఎన్‌ఈసీ (పేగు కుళ్లే జబ్బు) రావచ్చు. షంట్ మీద ఉన్న, పీడీఏ ప్రవాహం మీద ఆధారపడ్డ బిడ్డల్లో పేగులకు అసలే రక్తం తక్కువ కాబట్టి భయం ఎక్కువ. పొట్ట చుట్టుకొలత, మలంలో రక్తం ప్రతి షిఫ్టులో చూడండి. కొన్ని రోజులు దాటితే థైరాయిడ్, లివర్ కూడా.

సర్జన్_కోణం
వారం రోజుల్లో డ్రెయిన్ సగానికైనా తగ్గకపోతే ఆ మందు ఆపేయండి. మూడు వారాలు సాగదీసి, మధ్యలో బిడ్డ ప్రొటీన్ అంతా పోగొట్టుకున్నాక "పనిచేయలేదు" అనడంలో అర్థం లేదు.

కార్డియాక్_ఇంటెన్సివిస్ట్
ఒప్పుకుంటాను. అయితే వారం అని గీత గీసేముందు ఆ వారంలో సీవీపీ తగ్గించే పని కూడా జరిగిందా అన్నది చూడాలి. చాలాసార్లు డైయూరెటిక్ సరిచేసి వెంటిలేటర్ నుంచి బయటపడేశాక డ్రెయిన్ తగ్గుతుంది, పేరు మందుకు వస్తుంది.

ఐసీయూ_సిస్టర్
పోతున్న దాని గురించి ఎవరూ రాయలేదు. ఆ బాటిల్‌లో పోయేది నీరు కాదు. కైల్‌లో డెసిలీటరుకు 2 నుంచి 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, సోడియం ప్లాస్మాలో ఉన్నంత. ఆల్బుమిన్ పడిపోతే బిడ్డ వాపెక్కుతుంది. వాపు చూసి ఫ్యూరోసెమైడ్ పెంచితే రక్తనాళాల్లో ఉన్న కాస్త నీరూ పోయి మూత్రం ఆగిపోతుంది. కేజీకి 20 మి.లీ. దాటి కారే పిల్లలకు పోయినదాంట్లో సగం మేర 5 శాతం ఆల్బుమిన్‌తో ఆరేసి గంటలకు ఒకసారి భర్తీ చేసే పద్ధతి చాలా ఐసీయూల్లో ఉంది. రోజూ సోడియం, కాల్షియం, ఆల్బుమిన్. వారానికి ఒకటి రెండుసార్లు ఐజీజీ (ఒక రకం యాంటీబాడీ), లింఫోసైట్ల సంఖ్య, ఫైబ్రినోజెన్, యాంటీథ్రాంబిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే ప్రొటీన్).

కార్డియాక్_ఇంటెన్సివిస్ట్
సిస్టర్ గారు చివర్లో అన్న యాంటీథ్రాంబిన్‌ను అందరూ మరిచిపోతారు. అది కైల్‌లో కారిపోతుంది. గడ్డ ఉందని హెపారిన్ పెట్టి మోతాదు ఎంత పెంచినా యాంటీ టెన్-ఏ (హెపారిన్ ఎంత పనిచేస్తోందో చూపే పరీక్ష) పెరగకపోతే కారణం ఇదే కావచ్చు, ఎందుకంటే హెపారిన్ పనిచేసేది యాంటీథ్రాంబిన్ ద్వారానే. అప్పుడు ఎఫ్‌ఎఫ్‌పీ (ప్లాస్మా) లేదా యాంటీథ్రాంబిన్ ఇచ్చి మళ్లీ చూడాలి. ఇది ఒక విషవలయం: గడ్డ వల్ల కైల్, కైల్ వల్ల యాంటీథ్రాంబిన్ లోటు, దానివల్ల ఇంకో గడ్డ.

ఇమ్యూనోగ్లోబులిన్ రొటీన్‌గా ఇవ్వడానికి బలమైన ఆధారం లేదు. ఐజీజీ బాగా తగ్గి, పదేపదే సెప్సిస్ వస్తుంటే కేజీకి 400 మి.గ్రా. ఇస్తారు. ఆపరేషన్లో థైమస్ (లింఫోసైట్లు ఎదిగే గ్రంథి) తీసేసి ఉంటారు, పైగా లింఫోసైట్లు డ్రెయిన్‌లో పోతున్నాయి. ఈ పిల్లలకు ఒక్కసారి 38.5 జ్వరం వచ్చినా తేలిగ్గా తీసుకోకండి.

లింఫ్_ఇమేజింగ్
రెండు మూడు వారాలు దాటినా తగ్గని వాళ్ల సంగతి. ఈ దశలో బొమ్మ లేకుండా ఏ పనీ చేయకూడదన్నది నా గట్టి నమ్మకం. గజ్జల్లోని లింఫ్ గ్రంథిలోకి అల్ట్రాసౌండ్ చూస్తూ సన్నటి సూది పెట్టి, గాడోలినియం (బొమ్మలో లింఫ్ దారి కనిపించేలా చేసే మందు) నెమ్మదిగా ఎక్కిస్తూ ఎమ్మారై తీస్తారు. ఫిలడెల్ఫియా పిల్లల ఆస్పత్రిలో డోరీ, ఇట్కిన్‌ల బృందం ఈ పద్ధతిని బాగా ముందుకు తీసుకెళ్లింది. అందులో తేలేది ప్రధానంగా మూడు రకాలు.

డక్ట్ ఒకచోట తెగి కారుతుంటే ఆ చోటు కనిపిస్తుంది. క్యాథెటర్‌తో డక్ట్‌లోకి వెళ్లి కాయిల్, జిగురుతో మూయొచ్చు. రెండో రకంలో డక్ట్ బాగానే ఉంటుంది, కానీ లింఫ్ వెనక్కి ఊపిరితిత్తుల వైపు మళ్లుతుంది. అక్కడ ఆ దారి తప్పిన కొమ్మల్ని మూస్తారు. మూడో రకం కష్టం: కేంద్ర ప్రవాహమే దెబ్బతిని చర్మంలోకి, పొట్టలోకి కూడా లింఫ్ మళ్లి ఉంటుంది. బిడ్డకు ఒళ్లంతా వాపు, పొట్టలో నీరు కూడా ఉంటాయి. ఈ రకంలో డక్ట్‌ను మూసేస్తే మిగిలిన ఒక్క దారీ పోయి బిడ్డ ఇంకా దిగజారుతుంది.

లిపియోడాల్ (ఎక్స్‌రేలో కనిపించే నూనె మందు) వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. కుడి నుంచి ఎడమకు షంట్ (రక్తం గుండె కుడివైపు నుంచి ఎడమకు దాటడం) ఉన్న బిడ్డలో ఆ నూనె సిరల్లోంచి ఊపిరితిత్తులు దాటి మెదడుకు చేరొచ్చు. సింగిల్ వెంట్రికిల్ (ఒక్క జఠరికతోనే గుండె నడిచే) పిల్లల్లో చాలామంది ఇందులోకే వస్తారు. మోతాదు అతి తక్కువ ఉంచాలి, లేదా వేరే దారి ఎంచుకోవాలి.

పీఐసీయూ_రెసిడెంట్
ఎమ్మారై లింఫాంజియోగ్రఫీ అందుబాటులో లేకపోతే నేరుగా డక్ట్ లైగేషన్‌కు వెళ్లొచ్చా?

సర్జన్_కోణం
డక్ట్‌కు నేరుగా దెబ్బ తగిలిందని అనుమానం బలంగా ఉంటే వెళ్లొచ్చు: కోఆర్క్టేషన్ తర్వాత ఒక్క పక్కే, సీవీపీ మామూలు, సిరలు తెరిచే ఉన్నాయి. కుడి ఛాతీ కింది భాగంలో, డయాఫ్రం దగ్గర, అయోర్టాకూ అజైగస్ సిరకూ మధ్యనున్న కణజాలమంతా కలిపి కడతారు. ఒక్క నాళాన్ని వెతికి కట్టడం కంటే ఇది నమ్మకం, ఎందుకంటే చాలామందిలో డక్ట్ ఒకటికి మించి పాయలుగా ఉంటుంది. ఆపరేషన్‌కు కొద్ది గంటల ముందు ముక్కు ట్యూబులో క్రీమ్ ఇస్తే కారేచోటు తెల్లగా కనిపిస్తుంది.

సిరలో ఒత్తిడి ఎక్కువున్న గ్లెన్ బిడ్డకు బొమ్మ లేకుండా డక్ట్ కట్టడం నాకు సమ్మతం కాదు. ముందు క్యాథ్ (రక్తనాళం గుండా సన్న గొట్టం పంపి గుండెను చూడడం) చేసి ఇరుకు ఉంటే బెలూన్ వెయ్యండి, లేకపోతే బిడ్డను ఆ సదుపాయం ఉన్న కేంద్రానికి పంపండి. ప్లూరోడెసిస్ (మందుతో ప్లూరా పొరల్ని అతికించడం) చివరి దారి. పావిడోన్ అయోడిన్‌తో చేస్తే మూత్రపిండాలు, థైరాయిడ్ దెబ్బతినొచ్చు. పైగా రేపు ఫాంటాన్ ఆపరేషన్‌కు (గ్లెన్ తర్వాతి మెట్టు) ఛాతీ తెరవాల్సిన బిడ్డకు అతుకులు పెద్ద ఇబ్బంది.

జిల్లా_పిల్లల_డాక్టర్
డిశ్చార్జ్ తర్వాత మాకు కావలసింది రాయండి. డ్రెయిన్ ఎప్పుడు తీశారు, ఆహారం ఎన్నాళ్లు అన్నవి సమ్మరీలో ఉండట్లేదు. కొందరికి ఆరు వారాలు అని ఉంటుంది, కొందరికి రెండు.

కార్డియాక్_ఇంటెన్సివిస్ట్
డ్రెయిన్ 24 గంటల్లో కేజీకి 5 మి.లీ. లోపుకు వస్తే తీస్తాం, కొన్నిచోట్ల 2 లోపు దాకా ఆగుతారు. ఆరు వారాలన్నది అలవాటుగా వచ్చిన గడువు. ఇప్పుడు చాలా కేంద్రాలు డ్రెయిన్ తీసిన దగ్గర్నుంచి రెండు నుంచి నాలుగు వారాలతో ఆపుతున్నాయి. సులువుగా తగ్గిన బిడ్డకు ఆరు వారాలు ఉంచితే బరువు పెరగదు. గ్లెన్ ఒత్తిడి ఎక్కువున్న వాళ్లకు, మళ్లీ తిరగబెట్టిన వాళ్లకు పూర్తి ఆరు వారాలు ఉంచడంలో తప్పు లేదు.

మామూలు పాలకు మారేటప్పుడు మూడు నాలుగు రోజుల్లో కొంచెం కొంచెంగా కలుపుతూ వెళ్లి, పూర్తిగా మారిన వారానికి ఎక్స్‌రే లేదా అల్ట్రాసౌండ్ తీయండి. ఎక్స్‌రేలో ఒకవైపు తెల్లగా ఉంటే నీరే అని పైపు వేయొద్దు. ఫ్రెనిక్ నరం దెబ్బతిని డయాఫ్రం పైకి లేచినా అలాగే కనిపిస్తుంది. అల్ట్రాసౌండ్‌లో తేడా ఇట్టే తెలుస్తుంది. ఇంట్లో చూడాల్సినవి: నిద్రలో ఊపిరి నిమిషానికి 60 దాటడం, పాలు తాగుతూ చెమటలు, ఒక్క రోజులో 100 గ్రాములకు మించి బరువు పెరగడం. ఈ వయసులో రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగడం మామూలు, అంతకు బాగా మించితే అది నీరు.

జిల్లా_పిల్లల_డాక్టర్
ధన్యవాదాలు సార్. టీకాల విషయం నేను కలుపుతాను. ఇమ్యూనోగ్లోబులిన్ కేజీకి 400 మి.గ్రా. ఇచ్చి ఉంటే ఎమ్మార్ (తట్టు, రుబెల్లా) టీకా 8 నెలల తర్వాతే సరిగ్గా పట్టుతుంది. తొమ్మిదో నెలలో మామూలుగా వేసేస్తే ఉపయోగం తక్కువ. పెంటావాలెంట్, ఐపీవీ, పీసీవీ లాంటి నిర్జీవ టీకాలు ఆపనక్కర్లేదు. డిశ్చార్జ్ కాగితంలో ఐవీఐజీ తేదీ, మోతాదు రాస్తే ఏఎన్ఎంకు కూడా అర్థమవుతుంది. ఆ ఒక్క వాక్యం రాయమని పెద్ద కేంద్రాల వాళ్లను కోరుతున్నా.

డైట్‌డెస్క్
ఆరు నెలలు దాటిన పిల్లల ఆహారం కూడా చెప్పి వెళ్తాను. మెత్తటి అన్నం, తాలింపు వెయ్యని పప్పుకట్టు, ఇడ్లీ, నీళ్లతో కాచిన రాగి జావ, ఉడికించిన క్యారెట్, బంగాళాదుంప, అరటిపండు, పూర్తిగా వెన్న తీసిన పాలతో తోడుపెట్టిన పెరుగు పెట్టొచ్చు. నెయ్యి, వెన్న, మీగడ, కొబ్బరి, పల్లీలు, నువ్వులు, జీడిపప్పు, గుడ్డు పచ్చసొన, దోసె పెనం మీద రాసే నూనె కూడా వద్దు. తెల్లసొన పెట్టొచ్చు. ఉగ్గులో బాదం అరగదీసి కలిపే అలవాటున్న ఇళ్లలో దాన్ని విడిగా అడిగి ఆపించాలి, అమ్మమ్మలకు అది కొవ్వు అని తోచదు. మొత్తం పొడుగు గొలుసు కొవ్వు రోజుకు 5 నుంచి 10 గ్రాముల లోపు.

ఈ ఆహారం కొన్ని వారాలు సాగితే లినోలెయిక్ ఆమ్లం తగ్గుతుంది. చర్మం పొడిబారి పొలుసులు లేస్తుంది, పుండ్లు మానవు. మొత్తం కేలరీల్లో 2 నుంచి 4 శాతం లినోలెయిక్ ఆమ్లం అందాలి. మంచి ఎంసీటీ ఫార్ములాల్లో కలిపే ఉంటుంది. కొవ్వు తీసిన తల్లిపాల మీదే ఉన్న బిడ్డకు అక్రూట్ నూనె కొలిచి ఇస్తారు, మోతాదు డైటీషియన్ లెక్కకట్టాలి. విటమిన్ ఏ, డీ, ఈ, కే చుక్కలు తప్పనిసరి, అవి కొవ్వుతో పాటే పోయాయి.

ఎంసీటీ ఆయిల్‌ను పొయ్యి మీద కాచొద్దు, త్వరగా పొగ వచ్చి చేదెక్కుతుంది. అన్నం దించాక, గోరువెచ్చగా ఉన్నప్పుడు గిన్నెలో వేసి కలపండి. ప్లాస్టిక్ గిన్నెలు కొన్ని దానికి పగుళ్లిస్తాయి, స్టీలు గిన్నె, స్టీలు చెంచా వాడమనండి.

పీఐసీయూ_రెసిడెంట్
అందరికీ ధన్యవాదాలు. పాలరంగు కనిపించిన రోజే చేయాల్సినవి, అంటే శాంపిల్ రెండు ట్యూబులు, మెడ సిరల డాప్లర్, ఎకో, కేజీ లెక్కన చార్టు, తల్లికి పాలు పిండుతూ ఉండమని చెప్పడం, ఒక కాగితం మీద రాసి మా యూనిట్ గోడకు అంటిస్తున్నా. డాప్లర్ రాత్రిపూట దొరకని చోట పొద్దుటిదాకా ఆగొచ్చా?

ఎకో_టెక్
ముఖం, మెడ, చేతులు ఉబ్బి, పెదవులు నీలంగా మారుతుంటే ఆగొద్దు, అది ఎస్‌వీసీ మూసుకుంటున్న లక్షణం. గ్లెన్ బిడ్డలో సాచురేషన్ కూడా పడుతుంటే అదే రాత్రి ఎకో చేసేవాళ్లను పిలిపించండి. అవేవీ లేకుండా డ్రెయిన్ మాత్రమే తెల్లబడితే పొద్దున మొదటి స్లాట్‌లో పెట్టొచ్చు. ప్రోబ్ పెట్టేముందు మెడ లైన్ డ్రెస్సింగ్ ఎడమవైపు ఉంటే కాస్త తప్పించి ఉంచండి, డక్ట్ కలిసే మూల దాని కిందే ఉంటుంది.